అరువు ఉన్నవారికే ప్రవేశం

జపాన్ ప్రభుత్వం దృష్టికి, అది కుదరకపోతే కనీసం కనజావా నగరపాలకుల దృష్టికి, ఒక ఘోరమైన అన్యాయాన్ని తీసుకురావడం పర్యాటకుడిగా నా బాధ్యత. ఆ ఊళ్ళో అసనో నదికి దగ్గర్లో హిగాషి చాయా అనే పేట ఉంది. ఊరంతా చెల్లాచెదురుగా ఉన్న తేనీటి శాలలను 1820లో కగా రాజ్యాన్ని ఏలిన మాఎదా ప్రభువులు ఇక్కడికి తరలించారు. అవి రెండంతస్తుల చెక్క ఇళ్ళు. రెండువందల ఏళ్ళు దాటినా మూడో అంతస్తు లేవలేదు, రోడ్డు వెడల్పు కాలేదు, ఒక్క సెల్లార్ పార్కింగ్ రాలేదు. పైగా 2001లో దీన్ని పరిరక్షించాల్సిన ప్రాంతంగా ప్రకటించేశారు కాబట్టి ఇక ముందు కూడా ఆ ఆశ లేదు. నదికి నాలుగడుగుల దూరం, కూతవేటులో బస్టాపు, ఎటు చూసినా గజాల్లో లెక్కపెట్టదగిన జాగా. మన దగ్గర ఐదో తరగతి పిల్లాడు కూడా డెవలప్‌మెంటుకి ఇచ్చేసే స్థలం అది.

సరే, ఆస్తి వాళ్ళది, నష్టం వాళ్ళది. నా ఫిర్యాదు తలుపుల గురించి.

2015లో బుల్లెట్ రైలు కనజావా దాకా వచ్చాక టోక్యో నుంచి ప్రయాణం రెండున్నర గంటలకు తగ్గింది. దాంతో మన టూర్ ప్యాకేజీల్లోకి కూడా ఈ ఊరు ఎక్కింది. మనవాళ్ళు లక్షలు పోసి, పులిహోర పొట్లాలు మోసుకుని, పొద్దున్నే వెళ్ళి ఆ వీధిలో నిలబడతారు. తేనీటి శాల అన్నారు కదా, ఒక టీ పడితే ప్రాణం లేచొస్తుందని ఆశ. తీరా చూస్తే అసలైన ఓచాయాల, అంటే ఆ తేనీటి శాలల, తలుపులు మూసి ఉంటాయి. అవి తెరిచేది సాయంత్రాలు. తెరిచినా మనకోసం కాదు. లోపల గెయికోలు, అంటే మనం గెయిషాలు అనేవాళ్ళు, షామిసెన్ అనే మూడు తీగల వాద్యం వాయిస్తారు, పాడతారు, ఆడతారు. ఆ చాపల మీద కూర్చోవాలంటే ముందు ఒక అర్హత ఉండాలి. పాత ఖాతాదారు ఎవరైనా వెంటబెట్టుకుని తీసుకెళ్ళాలి. తొలిసారి వచ్చినవారికి ప్రవేశం లేదన్నది తరతరాల ఆచారం. మొదటిసారి రానివ్వకపోతే రెండోసారి ఎలా వస్తామండీ అని అడిగితే, చిరునవ్వు నవ్వి నడుము దాకా వంగి నమస్కారం పెడతారు. అంత మర్యాదగా వద్దన్నవాళ్ళతో గొడవ పెట్టుకోవడం ఎలాగో మనకు ఎవరూ నేర్పలేదు.

డబ్బు లేక కాదు కదా, జేబులో యెన్లు గలగలలాడుతున్నాయి. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఆ ఇళ్ళలో సంప్రదాయం ప్రకారం అతిథి ముందు పర్సు తీయడమే మోటు. తిన్నది, తాగినది, విన్నది అంతా పద్దు రాసుకుని, ఆనక తీరిగ్గా బిల్లు పంపుతారు. కొత్తవాడు ఎగ్గొడితే, తీసుకొచ్చిన పెద్దమనిషే కట్టాలి. మన కిరాణా కొట్లో 'అరువు రేపు' అని బోర్డు ఉంటుంది. అక్కడ బోర్డు పెడితే 'నగదు రేపు' అని పెట్టాలి. అప్పు పుట్టినవాడే పరువుగలవాడు అనే ఈ సిద్ధాంతాన్ని మన ఆర్థికవేత్తలు ఎందుకు పట్టించుకోలేదో నాకు అర్థం కాదు.

లెక్క కూడా పద్ధతిగానే ఉండేది. పూర్వం గెయికో గడిపిన సమయాన్ని అగరొత్తులతో కొలిచేవారు. ఎన్ని ఒత్తులు కాలితే అంత రుసుము. మీటరు మీద డబుల్ అడగడానికి, ఆటోవాడిలా 'రిటర్న్ ఖాళీగా రావాలి సార్' అనడానికి వీల్లేని మీటరు అది.

కనీసం కిటికీలోంచైనా చూద్దామంటే ఆ దారీ మూసేశారు. ఇళ్ళ ముందు సన్నని చెక్క పుల్లల జాలీలు ఉంటాయి. ఒక్కో పుల్ల వీధి వైపు వెడల్పుగా, లోపలి వైపు సన్నగా చెక్కి ఉంటుంది. దానివల్ల లోపలివాళ్ళకు మనం కనిపిస్తాం, మనకు వాళ్ళు కనిపించరు. అంటే వేల మైళ్ళు వెళ్ళి, వాళ్ళను చూడ్డానికి డబ్బు కట్టి, చివరికి వాళ్ళకే మనం దర్శనం ఇచ్చి వస్తున్నాం.

న్యాయంగా చెప్పాలంటే అన్నీ మూసేయలేదు. 1820లోనే కట్టిన షిమా అనే ఇల్లు ఇప్పుడు మ్యూజియం. టికెట్ కొని, చెప్పులు విడిచి మేడెక్కవచ్చు. అక్కడ గదులున్నాయి, చాపలున్నాయి, వాద్యాలున్నాయి. వాయించేవాళ్ళు లేరు. మేడ మీది గదుల్లో ఒక్క అలమరా కూడా లేదు, మొత్తం వినోదానికే కేటాయించారట. పరుపులు, పాత సూట్‌కేసులు, పెళ్ళిళ్ళలో వచ్చిన స్టీలు గిన్నెలు ఎక్కడ దాచేవారన్న ప్రశ్న మా ఆవిడ అడిగింది. గైడు దగ్గర జవాబు లేదు.

వీధిలో మాత్రం కిమోనోలకు కొదవ లేదు. అన్నీ అద్దెవే. అద్దె కిమోనో కట్టుకున్న టూరిస్టులను, అద్దె కిమోనో కట్టుకున్న ఇంకో బృందం అసలు గెయికోలనుకుని ఫొటోలు తీస్తుంది. ఇరుపక్షాలూ సంతోషంగా వెళ్ళిపోతాయి. ఈ పర్యాటక నమూనాలో అసలు సరుకు అవసరమే లేకపోవడం గమనార్హం. క్యోటోలో గెయికోల పేట అయిన గియోన్ వాళ్ళకు ఇంత ఓపిక లేదు. గెయికోల వెంట ఫోన్లు పట్టుకుని పరిగెత్తే జనంతో విసిగి, ప్రైవేటు సందుల్లో అడుగుపెడితే 10,000 యెన్ల జరిమానా అని 2024లో బోర్డులు పెట్టారు. ఆ బోర్డు ముందు నిలబడి సెల్ఫీ దిగడానికి ప్రస్తుతానికి రుసుము ఏమీ లేదు.

ఇక బంగారం సంగతి. జపాన్‌లో తయారయ్యే బంగారు రేకులో దాదాపు 99 శాతం ఈ ఊరిదే. మిల్లీమీటరులో పదివేలవ వంతు మందం దాకా సాగగొడతారు. అలాంటి రేకును ఈ పేటలో ఐస్‌క్రీం మీద వేసి అమ్ముతారు. అమ్మాయి ఊపిరి బిగబట్టి, చదరపు రేకును కాగితం మీంచి ఐస్‌క్రీం మీదికి దించుతుంది. అంచులు వణుకుతాయి, గాలి ఏమాత్రం వీచినా ముడతపడుతుంది. నోట్లో పెట్టుకుంటే రుచీ పచీ ఉండదు, పై పెదవికి మాత్రం అంటుకుని అక్కడే మెరుస్తూ ఉంటుంది. పదహారణాలా, హాల్‌మార్కు ఉందా అని ఎవరూ అడగరు. తరుగు వంద శాతం, మజూరీ వేరే. గ్రాము దగ్గర బేరమాడి గంటన్నర కూర్చునే మన ఇల్లాళ్ళు, అక్కడ నోరు మెదపకుండా బంగారాన్ని చప్పరించేయడం నేను కళ్ళారా చూశాను. ఆ వీధిలో తాగుతూ తింటూ నడవద్దని మళ్ళీ విన్నపం కూడా ఉంటుంది. కాబట్టి ఆ చప్పరించేదీ నిలబడే.

గుమ్మాల మీద వేలాడే మొక్కజొన్న కంకులు చూసి ఇదేదో పొత్తుల బండి అనుకోకండి. శుభానికని దగ్గర్లోని కన్నోన్-ఇన్ గుడి నుంచి తెచ్చి కట్టుకుంటారు. పాత పంచాంగం ప్రకారం ఏడో నెల తొమ్మిదో రోజున ఆ గుడికి వెళ్తే 46,000 రోజులు వెళ్ళిన పుణ్యం. నేను కాలిక్యులేటర్ తీసి చూశాను, 126 ఏళ్ళ చిల్లర. అంటే యాత్రికుడు బతికి ఉండగా వాడుకోలేనంత నిల్వ. మిగులు పుణ్యాన్ని బదిలీ చేసుకునే సౌకర్యం గురించి విచారించాలి.

నది ఒడ్డు పరిస్థితి మరీ దారుణం. అసనోను ఆడనది అంటారు, ఊరికి అటువైపు పారే సాయ్ మగనది. నెమ్మదస్తురాలు అని పేరుపడ్డ అసనో 2008 జూలైలో పొంగి ఇళ్ళలోకి వచ్చింది. అదే ఏడాది ఒడ్డున ఉన్న కజుఏమాచి అనే మరో తేనీటి పేటకు పరిరక్షణ హోదా వచ్చింది. అంత జరిగాక కూడా ఒడ్డున చెర్రీ చెట్లు, రాళ్ళ మెట్లు, ఉమెనోహాషి అనే చెక్క తాపడం వంతెన, అంతే. రంగురంగుల లైట్లు లేవు, పుట్టినరోజు ఫ్లెక్సీ ఒక్కటీ లేదు. వంతెన పక్కన ఒక విగ్రహం ఉందని సంబరపడి వెళ్తే, అది ఏ నాయకుడిదీ కాదు. ఈ ఊళ్ళో పుట్టిన ఒక రచయిత కథలో నీళ్ళతో గారడీ చేసే అమ్మాయిది! అసలు పుట్టనే పుట్టని మనిషికి విగ్రహం పెట్టారంటే, ఆ వార్డు ప్రతినిధి ఎంత అసమర్థుడో చూడండి. కనీసం ఆవిష్కరణ శిలాఫలకం మీద ఎవరి పేరు ఎంత సైజులో ఉండాలన్న తగాదా అయినా జరిగిందో లేదో.

ఇన్ని అన్యాయాలున్నా మనవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సిఫార్సు కావాలంటారా, సిఫార్సు మనకు కొత్తా? మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆకాశం భూమి ఏకం చేసి, టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న తోడల్లుడి కొడుకు బాసుగారిని పట్టుకున్నారు. ఆయన నిజంగానే కనజావాలో ఒక ఓచాయాకు పాత ఖాతాదారట. మొదట్లో వస్తామన్నవాళ్ళు నలుగురే. బిల్లు ఆయన చిరునామాకే వెళ్తుందని తెలిసిన దగ్గర్నుంచి పేర్లు ఇచ్చినవాళ్ళు మినీ బస్సుకు సరిపడా తేలారు. బంగారం ఐస్‌క్రీం కూడా ఆ పద్దులోనే రాయించవచ్చా అని నిన్న రాత్రి ఎవరో అడిగారు.