పన్ను కట్టించుకుంటున్నారు, పూచీ ఎవరిది?

చెన్నైకి చెందిన ఒక మహిళ 2024 జనవరిలో వజీర్‌ఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజిలో, అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ కాయిన్లను కొని, అమ్మి, దాచుకునే వేదికలో, రూ.1,98,516 పెట్టి ఎక్స్‌ఆర్‌పీ అనే రకం కాయిన్లు 3,532.30 కొన్నారు. అదే ఏడాది జులై 18న ఆ ఎక్స్ఛేంజి మీద సైబర్ దాడి జరిగి, సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో మాయమైంది. ఇది ఉత్తర కొరియా హ్యాకర్ల పని అని అమెరికా, జపాన్, దక్షిణ కొరియా ప్రభుత్వాలు ఆ తర్వాత ఉమ్మడిగా ప్రకటించాయి. దొంగలు ఎత్తుకుపోయినవి ఈథర్ అనే మరో రకం కాయిన్లు, ఆ నెట్‌వర్క్ మీద నడిచే టోకెన్లు. ఆమె దగ్గరున్నవి అవి కావు. అయినా ఆమె అకౌంటు కూడా స్తంభించిపోయింది. పోయిన సొమ్ము నష్టాన్ని ఖాతాదారులందరికీ పంచుతామని, అందుకు సింగపూర్ కోర్టులో పునర్వ్యవస్థీకరణ పథకం నడుస్తోందని కంపెనీ చెప్పింది. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఒకరి కాయిన్లతో ఇంకొకరి నష్టం పూడ్చే ఏర్పాటు అన్నమాట.

ఆమె ఊరుకోలేదు. మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. 2025 అక్టోబరులో జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ ఇచ్చిన ఉత్తర్వు ఈ దేశంలో క్రిప్టో కొన్న ప్రతి ఒక్కరూ తెలుసుకోదగ్గది. క్రిప్టో కరెన్సీ చేత్తో పట్టుకునే వస్తువు కాదు, చెల్లుబాటయ్యే కరెన్సీ కూడా కాదు, కానీ అది ఆస్తే అని కోర్టు చెప్పింది. దాన్ని సొంతం చేసుకోవచ్చు, అనుభవించవచ్చు, ఒకరి తరఫున మరొకరు ట్రస్టుగా ఉంచవచ్చు అంది. చెన్నై నుంచి, భారతీయ బ్యాంకు ఖాతాలోంచి డబ్బు కట్టారు కాబట్టి ఇక్కడి కోర్టుకు విచారించే అధికారం ఉందని కూడా తేల్చింది.

తీర్పు మంచిదే. కానీ తన డబ్బుతో కొన్నది తనదేనని అనిపించుకోవడానికి ఒక సామాన్య మదుపరి హైకోర్టు దాకా ఎందుకు వెళ్లాలి? అదే ఎక్స్ఛేంజిలో ఇరుక్కున్న లక్షల మందిలో వకీలును పెట్టుకుని కోర్టు మెట్లు ఎక్కగలిగినవారు ఎంతమంది? మిగిలినవారు 15 నెలలు ఎదురుచూసి, 2025 అక్టోబరు చివర్లో ఎక్స్ఛేంజి మళ్లీ తెరుచుకున్నాక ఎంత ఇస్తే అంత పుచ్చుకున్నారు.

మన ఊళ్లలో చిట్టీల వ్యాపారి ఐపీ పెడితే ఏం జరుగుతుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ అనుభవాల వల్లే 1982లో చిట్‌ఫండ్స్ చట్టం వచ్చింది. రిజిస్టర్డ్ చిట్టీ నడిపే సంస్థ రిజిస్ట్రార్ దగ్గర అనుమతి తీసుకోవాలి, ముందే సెక్యూరిటీ కట్టాలి, లెక్కలు చూపాలి. బ్యాంకులో డిపాజిట్ ఉంటే 5 లక్షల రూపాయల దాకా బీమా ఉంది. షేర్లు కొంటే అవి బ్రోకరు జేబులో కాక డిపాజిటరీలో మన పేరు మీదే ఉంటాయి. వేల కోట్లు చేతులు మారే క్రిప్టో ఎక్స్ఛేంజికి మాత్రం, ఖాతాదారుల సొమ్మును విడిగా ఉంచాలని చెప్పే ప్రత్యేక చట్టం ఈ దేశంలో లేదు. లక్ష రూపాయల చిట్టీకి ఉన్నపాటి రక్షణ కూడా దానికి లేదు.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక కాదు. ఏడెనిమిదేళ్లుగా గోడ మీద పిల్లిలా కూర్చుంది. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు క్రిప్టో లావాదేవీలకు సేవలందించొద్దని బ్యాంకులను ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. 2021 శీతాకాల సమావేశాల జాబితాలో క్రిప్టో బిల్లు కనిపించింది గానీ సభలోకి రాలేదు. 2022 బడ్జెట్‌లో లాభాల మీద 30 శాతం పన్ను, అమ్మకాల మీద 1 శాతం టీడీఎస్ వచ్చాయి. 2023 మార్చిలో ఎక్స్ఛేంజీలను మనీలాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చారు. అంటే ఖజానాకు కావాల్సింది, నిఘాకు కావాల్సింది వచ్చేశాయి. మదుపు పెట్టినవాడికి కావాల్సింది ఒక్కటీ రాలేదు.

ఆ పన్ను ఎలా పనిచేస్తుందో ఒక్క లెక్క చూస్తే చాలు. ఒక ఉద్యోగికి ఒకే ఏడాది ఈథర్‌లో లక్ష రూపాయల లాభం, ఇంకో కాయిన్‌లో లక్ష రూపాయల నష్టం వచ్చాయనుకుందాం. చేతికి మిగిలింది సున్నా. షేర్లలో అయితే లాభనష్టాలను ఒకదానితో ఒకటి సరిపెట్టుకునే వీలుంది. ఇక్కడ లేదు. లక్ష లాభం మీద 30 శాతం, సెస్సుతో కలిపి రూ.31,200 కట్టాల్సిందే. పైసా సంపాదించకపోయినా పన్ను తప్పదు. లాటరీ గెలిచినవాడి మీద వేసే రేటే ఇది. పొమ్మనలేక పొగబెట్టినట్టున్న ఈ విధానం వల్ల జనం క్రిప్టో మానేయలేదు. చైనాలిసిస్ సంస్థ వెలువరించే ప్రపంచ వినియోగ సూచీలో 2023 నుంచి వరుసగా మూడేళ్లు మన దేశానిదే మొదటి స్థానం. మానేయకపోగా, చాలామంది ఇక్కడ రిజిస్టరైన ఎక్స్ఛేంజీలను వదిలి విదేశీ యాప్‌లకు, ముక్కూముఖం తెలియనివారితో నేరుగా కొనుగోళ్లు, అమ్మకాలు చేసే పీటూపీ బేరాలకు మళ్లారు. పొగ తగిలింది నిబంధనలు పాటించేవాళ్లకే.

ఇంతకీ ఈ క్రిప్టో దేనికి పనికొస్తుంది? ఇది న్యాయమైన ప్రశ్న. సమాధానం కూడా న్యాయంగానే చెప్పుకోవాలి.

2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే పేరుతో వెలువడిన పత్రం బిట్‌కాయిన్‌ను పెట్టుబడిగా పరిచయం చేయలేదు. మధ్యలో బ్యాంకు అక్కర్లేకుండా ఒకరు ఇంకొకరికి నేరుగా పంపుకునే నగదుగా పరిచయం చేసింది. ఆర్థిక సంక్షోభంలో పెద్ద పెద్ద బ్యాంకులు కూలుతున్న రోజులవి. ఆ ఆలోచన వెనుక ఉన్న నిజాయితీని కాదనలేం. కానీ మన వీధిలో టీ కొట్టు దగ్గర అది నిలబడదు. బిట్‌కాయిన్‌లో ఒక బ్లాకు, అంటే లావాదేవీల కట్ట ఒకటి, నమోదు కావడానికి సుమారు 10 నిమిషాలు పడుతుంది. నెట్‌వర్క్ మొత్తం సెకనుకు మోయగలిగేది ఏడు లావాదేవీలకు అటూఇటూ. మన యూపీఐ 2025 ఆగస్టు ఒక్క నెలలో 2,000 కోట్ల లావాదేవీలు దాటింది. అంటే సెకనుకు సగటున 7 వేలకు పైమాటే. మిర్చి బజ్జీల బండి మీద కూడా క్యూఆర్ కోడ్ అంటించి ఉన్న దేశంలో, టీ తాగి బిట్‌కాయిన్‌తో డబ్బు కట్టాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ఎల్ సాల్వడార్ ఈ ప్రయోగం చేసి చూసింది. 2021 సెప్టెంబరులో బిట్‌కాయిన్‌ను చట్టబద్ధ కరెన్సీగా ప్రకటించి, ప్రభుత్వ వాలెట్ యాప్ వేసుకున్నవారికి 30 డాలర్లు కానుకగా ఇచ్చింది. చాలామంది ఆ 30 డాలర్లు ఖర్చుపెట్టుకుని మళ్లీ మామూలు డాలర్లకే వచ్చేశారు. చివరికి ఐఎంఎఫ్ అప్పు కోసం 2025 జనవరిలో ఆ చట్టాన్ని సవరించి, బిట్‌కాయిన్ తీసుకోవాలా వద్దా అన్నది వ్యాపారుల ఇష్టానికి వదిలేశారు.

దేశం దాటి డబ్బు పంపేటప్పుడు మాత్రం కథ వేరు. డల్లాస్ నుంచి కొడుకు భీమవరంలో ఉన్న అమ్మానాన్నలకు పంపే డబ్బు, గల్ఫ్‌లో చెమటోడ్చి కరీంనగర్‌లోని ఇంటికి పంపే డబ్బు, ఇలా విదేశాల్లోని మనవాళ్లు పంపినది 2024లో 129 బిలియన్ డాలర్లని ప్రపంచ బ్యాంకు లెక్క. ప్రపంచంలో ఇంకే దేశానికీ అంత రావడం లేదు. 200 డాలర్లు ఇంటికి పంపితే ఖర్చుల కింద పోయేది ప్రపంచ సగటున 6 శాతానికి పైనే. అమెరికా నుంచి మన దేశానికి కాస్త చౌక, ఆఫ్రికా దేశాలకు చాలా ఎక్కువ. డాలరుతో ముడిపడిన స్టేబుల్‌కాయిన్లు ఈ పని నిమిషాల్లో, చాలా తక్కువ ఖర్చుతో చేయగలవు. 2023లో ద్రవ్యోల్బణం 200 శాతం దాటిన అర్జెంటీనాలో, తెల్లారేసరికి జీతం కరిగిపోతుంటే జనం ఈ డిజిటల్ డాలర్లను ఆశ్రయించారు. వాళ్లది వ్యామోహం అనలేం. అమెరికా 2025 జులైలో జీనియస్ చట్టం తెచ్చి, స్టేబుల్‌కాయిన్ జారీచేసేవారు ప్రతి కాయిన్‌కూ పూర్తి నిల్వ చూపాలని షరతు పెట్టింది. ఆ షరతు ఎందుకో తెలియాలంటే 2022 మే నెలను గుర్తుచేసుకోవాలి. డాలరుకు సమానమని నమ్మించిన టెర్రా కాయిన్ వెనుక నిజమైన డాలర్లు లేవు. అది, దాని జంట కాయిన్ లూనా కలిసి రోజుల వ్యవధిలో సుమారు 40 బిలియన్ డాలర్ల విలువను తుడిచిపెట్టాయి.

రూపాయి బదులు జనం డిజిటల్ డాలర్లకు అలవాటుపడితే ద్రవ్య విధానం చేజారుతుందన్న రిజర్వు బ్యాంకు భయం కొట్టిపారేసేది కాదు. ఈ పత్రిక ఆ భయాన్ని పంచుకుంటోంది. కానీ భయం ఉంటే నియమాలు రాయాలి. రిజర్వు బ్యాంకే జారీచేసే డిజిటల్ రూపాయి, 2022 డిసెంబరులో సామాన్యుల వాడకానికి ప్రయోగంగా మొదలైన ఈ-రూపాయి, ఇప్పటికీ చాలామంది వ్యాపారులకు పేరుకే తెలుసు. విదేశాల నుంచి వచ్చే చెల్లింపులకు దాన్ని పనికొచ్చేలా చేస్తే, స్టేబుల్‌కాయిన్ వైపు చూసే అవసరం సగం తీరుతుంది.

ఇక పెట్టుబడి సంగతి. 2021 నవంబరులో బిట్‌కాయిన్ ధర 69 వేల డాలర్ల దాకా వెళ్లింది. సరిగ్గా ఏడాదికి 16 వేల కిందికి పడింది. 2025 అక్టోబరులో లక్షా 26 వేలు తాకి, మరుసటి నెలలోనే 90 వేల కిందికి దిగింది. ఈ ఆటుపోట్లను తట్టుకోగల జేబు, గుండె ఉన్నవారు తమ పొదుపులో చిన్న వాటా పెడితే మాకు అభ్యంతరం లేదు. పిల్ల పెళ్లికి దాచినది, పొలం అమ్మగా వచ్చినది, పర్సనల్ లోన్ తీసినది ఇందులో పెట్టొద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాం. పొలానికి కౌలు వస్తుంది, కంపెనీకి లాభం వస్తుంది. ఇక్కడ మనకంటే ఎక్కువ ధర పెట్టి కొనేవాడు రేపు దొరకాలి, అంతే. బిట్‌కాయిన్ సంఖ్య 2 కోట్ల 10 లక్షలకు మించదన్న హద్దయినా ఉంది. సరదా పేర్లతో రాత్రికి రాత్రి పుట్టే మీమ్ కాయిన్ల విషయంలో, కొత్తవి పుట్టకుండా ఆపే హద్దేదీ లేదు.

మన రెండు రాష్ట్రాల్లో అసలు దెబ్బ తగులుతున్నది ధరల పతనం వల్ల కంటే మోసాల వల్ల. టెలిగ్రామ్ గ్రూపులో చేరుస్తారు. యాప్‌లో మొదటి వారం రూ.5 వేలకు రూ.6 వేలు చూపిస్తారు, విత్‌డ్రా కూడా చేసుకోనిస్తారు. నమ్మకం కుదిరాక 5 లక్షలు కట్టిస్తారు. స్క్రీన్ మీద అది 12 లక్షలు అవుతుంది. తీసుకుందామంటే ముందు ట్యాక్సు కట్టమంటారు, అది కట్టాక ఇంకేదో ఫీజు అంటారు. ఆ యాప్‌లో అసలు క్రిప్టోయే ఉండదు. కట్టిన రూపాయలు మాత్రం అద్దె అకౌంట్ల గుండా వెళ్లి, గంటల్లో యూఎస్‌డీటీ అనే డాలరు స్టేబుల్‌కాయిన్‌గా మారి సరిహద్దు దాటేస్తాయి. ఆ తీగ లాగితే కొన్నిసార్లు కంబోడియాలో డొంక కదులుతోంది. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టింది ఇదే. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి తీసుకెళ్లిన మన కుర్రాళ్ల పాస్‌పోర్టులు లాక్కుని, వాళ్లచేత మనవాళ్లకే ఫోన్లు చేయించి మోసాలు చేయించారు.

అద్దె అకౌంట్ల గురించి ఇంకొక్క మాట. పదివేలు కమీషన్ ఇస్తామంటే ఏటీఎం కార్డు, సిమ్ అప్పగించే కాలేజీ విద్యార్థికి, అది తన మీద క్రిమినల్ కేసు అవుతుందని తెలియదు. ఏ పాపమూ ఎరగనివాళ్లు కూడా ఇరుక్కుంటున్నారు. తన దగ్గరున్న యూఎస్‌డీటీని పీటూపీలో అమ్మిన కుర్రాడి అకౌంటుకు 40 వేలు వచ్చి పడతాయి. అది ఎక్కడో ఎవరినో మోసం చేసి తెచ్చిన డబ్బు అని అతనికి తెలిసే దారి లేదు. నెల తిరిగేసరికి వేరే రాష్ట్రం పోలీసుల నోటీసుతో అతని జీతం పడే అకౌంటు ఫ్రీజ్ అవుతుంది. ఈఎంఐ బౌన్సు, బ్యాంకు మేనేజరు దగ్గర పడిగాపులు, వెయ్యి కిలోమీటర్ల దూరంలోని పోలీస్ స్టేషన్‌కు ఈమెయిళ్లు. ఆ టెన్షన్ పడినవారిని అడిగితే తెలుస్తుంది. సక్రమమైన మార్గాన్ని పొగబెట్టి మూసినందుకు పడుతున్న మూల్యంలో ఇదీ భాగమే.

చట్టంతో ఫలితం ఉంటుందా అనేవారు జపాన్‌ను చూడాలి. టోక్యోలోని మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజి 2014లో కుప్పకూలినప్పుడు జపాన్ కూడా మనలాగే దిక్కుతోచక నిలబడింది. ఆ తర్వాత ఎక్స్ఛేంజీలకు రిజిస్ట్రేషన్ పెట్టింది. ఖాతాదారుల సొమ్మును కంపెనీ సొమ్ముతో కలపకూడదంది. ఖాతాదారుల క్రిప్టోలో కనీసం 95 శాతం ఇంటర్నెట్‌కు తగలని కోల్డ్ వాలెట్లలో ఉంచాలంది. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే పెద్ద అంతర్జాతీయ ఎక్స్ఛేంజి కూలింది. ఖాతాదారుల డబ్బు మళ్లించినందుకు దాని అధిపతి శామ్ బ్యాంక్‌మన్-ఫ్రైడ్‌కు తర్వాత 25 ఏళ్ల జైలు పడింది. ప్రపంచమంతటా ఖాతాదారులు ఏళ్ల తరబడి దివాలా కోర్టుల వైపు చూస్తూ ఉండిపోయారు. ఆ సంస్థ జపాన్ శాఖలో డబ్బున్నవారు మాత్రం 2023 ఫిబ్రవరిలోనే విత్‌డ్రా చేసుకోగలిగారు. కంపెనీ అదే, యజమాని అతనే. వాళ్లను కాపాడింది చట్టం.

మన పార్లమెంటు చేయాల్సింది ఇంతకంటే కష్టమైన పనేమీ కాదు. క్రిప్టోను ట్రస్టుగా ఉంచవచ్చని మద్రాసు హైకోర్టు అన్న మాటను ఆధారం చేసుకుని, ఖాతాదారుల ఆస్తి ట్రస్టు ఆస్తి అని చట్టంలో రాయాలి. నిల్వలను స్వతంత్ర ఆడిటర్లతో తనిఖీ చేయించి ఫలితాలు బయటపెట్టించాలి. హ్యాకింగ్ జరిగితే నష్టం మొదట ఎవరు భరించాలో ముందే తేల్చాలి. లాభనష్టాల సర్దుబాటుకు వీలివ్వాలి. ఫిర్యాదు ఎక్కడ చేయాలో ఒక్క చిరునామా చూపాలి. సెబీయా, రిజర్వు బ్యాంకా అన్న వాదన ఇక చాలు, ఎవరో ఒకరికి బాధ్యత అప్పగించాలి. అమాయకుల అకౌంట్ల ఫ్రీజింగ్‌కు అన్ని రాష్ట్రాల పోలీసులూ పాటించే ఒకే పద్ధతి, గడువు కేంద్ర హోంశాఖ నిర్ణయించాలి. మోసపోయామని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు సినిమా హాళ్ల దాకా, కాలేజీల దాకా తీసుకెళ్లి చెప్పాలి. గంట ఆలస్యమైతే ఆ సొమ్ము యూఎస్‌డీటీ అయిపోతుంది.

2021లో జాబితాకెక్కి సభ గడప తొక్కని ఆ బిల్లు స్థానంలో కొత్త ముసాయిదాను రానున్న సమావేశాలకు ముందే జనం ముందు పెట్టాలని ఆర్థిక మంత్రిత్వ శాఖను డిమాండ్ చేస్తున్నాం. 2022 నుంచి పన్ను కడుతున్నవారికి ఆ ముసాయిదా చదివి అభిప్రాయం చెప్పే హక్కు ఉంది.