2520లో ఉన్నది రహస్యం కాదు, క.సా.గు

అనంతపురం, కర్నూలు వైపు బడిపిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ సందేశం ఆగకుండా తిరుగుతోంది: "1 నుంచి 10 దాకా అన్నిటితో శేషం లేకుండా భాగించగల ఒకే ఒక్క సంఖ్య 2520. వారానికి 7 రోజులు, నెలకు 30 రోజులు, ఏడాదికి 12 నెలలు, ఈ మూడూ గుణిస్తే వచ్చేదీ అదే. కనిపెట్టింది రామానుజన్."

"ఒకే ఒక్క" అన్నది తప్పు. 5040ని భాగించి చూడండి, 7560ని చూడండి. 2520 గుణిజాలన్నీ అలాంటివే, వాటికి అంతు లేదు. 2520 వాటిలో అతి చిన్నది, అంతే. ఈ తేడా చెరిగిపోతే పిల్లలకు క.సా.గు (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే ఇచ్చిన సంఖ్యలన్నిటితో శేషం లేకుండా భాగించగల అతి చిన్న సంఖ్య) అంటే ఏమిటో అర్థం కాదు. అందుకే మాకు ఈ పట్టింపు.

అది ఎలా వస్తుందో చూడండి. 1 నుంచి 10 దాకా అన్నీ గుణిస్తే 3628800 వస్తుంది. 2520కి 1440 రెట్లు! ఒకే కారణాంకాన్ని పదే పదే వేసుకోవడం వల్ల వచ్చిన వాపు అది. 8 తీసుకుంటే 2, 4 అందులోనే వచ్చేశాయి. 9లో 3 ఉంది. 6కి, 10కి కావలసిన 2, 3, 5 ఎలాగూ ఉంటాయి. కాబట్టి 8, 9, 5, 7 చాలు: 72, 360, 2520. పిల్లల ముందు 2520 చెనిక్కాయ విత్తనాలు పోసి ఎనిమిదేసి పెట్టించండి, 315 కుప్పలు. తొమ్మిదేసి అయితే 280. పదకొండేసి పెడితే 229 కుప్పలై ఒక గింజ మిగులుతుంది. 11 కూడా కలవాలంటే 27720 గింజలు కావాలి. అన్ని గింజలకు 12 కూడా ఊరికే కలిసొస్తుంది.

ఇక వారం, నెల సంగతి. 30, 12 గుణిస్తే 360. పదింటిలో దాన్ని భాగించనిది 7 ఒక్కటే. ఆ 7తో గుణించారు, లోటు తీరింది. పైగా ఏడాదికి సరిగ్గా 360 రోజులు ఉండవు కూడా: ఉగాది నుంచి ఉగాదికి సుమారు 354 రోజులు, అధికమాసమొస్తే 384.

రామానుజన్ కనిపెట్టారా? 5040ని 1 నుంచి 10 దాకా అన్నీ భాగిస్తాయని గ్రీకు తత్వవేత్త ప్లేటో రెండు వేల ఏళ్లకు ముందే రాశాడు. రామానుజన్ 1915 నాటి వ్యాసం వేరే విషయం మీద: తనకన్నా చిన్నవాటన్నిటికంటే ఎక్కువ కారణాంకాలున్న సంఖ్యలు. 48 కారణాంకాలతో 2520 కూడా ఆ పట్టికలో ఉంది, నిజమే. కానీ ఆ పట్టిక 6746328388800 దాకా వెళ్తుంది. దాని కారణాంకాలు 10080. అంత దూరం చేత్తో లెక్కగట్టిన ఆయన జారవిడిచింది ఒక్కటే, 293318625600. దాని కారణాంకాలు ఎన్నో తెలుసా? సరిగ్గా 5040.