మానిపోయిన పుండు నయమైనట్టు కాదు

ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. జననాంగం దగ్గర పుండ్లు ఒంట్లో వేడి వల్ల గానీ, తిరుగుళ్ల వల్ల గానీ వస్తాయట. పసుపు, డెటాల్ కలిపిన నీళ్లతో కడిగితే చాలట. నొప్పి లేకపోతే భయం లేదట, మానిపోతే రోగం పోయినట్టేనట. "సిగ్గుతో డాక్టర్ దగ్గరికి వెళ్లలేని అక్కచెల్లెళ్లకు పంపండి" అని చివర్లో రాశారు. నర్సుగా ఆ సిగ్గు ఎంత చేటు చేస్తుందో రోజూ చూస్తున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను.

వేడి సంగతి ముందు తేల్చేద్దాం. చెమటకు, బిగుతు బట్టలకు ఒరుసుకుని చర్మం రేగొచ్చు. సబ్జా నీళ్లు తాగండి, మంచిదే. కానీ వాటితో వైరస్ పోదు, బ్యాక్టీరియా చావదు.

"తిరుగుళ్ల వల్లే" అన్న మాట మాత్రం కాపురాలు కూలుస్తుంది. మంటతో చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా వచ్చి పగిలితే, అది ఎక్కువగా హెర్పిస్ అనే వైరస్ జబ్బు. జ్వరం వచ్చి మూతి పేలుతుంది చూడండి, ఆ వైరస్ కూడా నోటి నుంచి కిందికి అంటుకోగలదు. పైగా అది నరాల్లో ఏళ్ల తరబడి అణిగి ఉండి, ఎప్పుడో బయటపడుతుంది. పొక్కు ఈరోజు వచ్చిందని తప్పు నిన్న జరిగిందని ఎలా అంటారు?

ఇంటర్ చదివే ఒక పిల్లను తల్లి మా ఓపీకి తీసుకొచ్చింది. జ్వరం తగ్గిన వారానికే లోతైన పుండ్లు. మూత్రానికి వెళ్లాలంటే వణికిపోతోంది. "ఎవడే వాడు?" అని తల్లి వరండాలోనే చెయ్యి చేసుకుంది. డాక్టరమ్మ పిల్లతో ఒంటరిగా, నెమ్మదిగా మాట్లాడి, పరీక్షలు చేయించారు. సుఖవ్యాధి ఏదీ లేదు. వైరల్ జ్వరాల తర్వాత, ఏ సంబంధమూ లేని ఆడపిల్లలకు కూడా ఇలాంటి పుండ్లు వస్తాయి. రెండు మూడు వారాల్లో మానాయి. ఆ దెబ్బ మాత్రం ఆ పిల్ల మర్చిపోతుందా?

డెటాల్ వద్దు. అక్కడి చర్మం చాలా పలచన, కాలిపోతుంది. పుండు ఒకటైతే మంట రెండవుతుంది. గోరువెచ్చని నీళ్లు చాలు, మూత్రం పోసేటప్పుడు కూడా అవే పోసుకుంటే మంట తగ్గుతుంది. మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీములు హెర్పిస్‌ను ఇంకా ముదరబెడతాయి.

"నొప్పి లేకపోతే భయం లేదు" అన్నదే అన్నిటికంటే ప్రమాదం. సిఫిలిస్ అనే సుఖవ్యాధిలో పడే పుండుకు సాధారణంగా నొప్పి ఉండదు. అంటుకున్న మూడు వారాలకు అటూ ఇటూగా, అంచులు గట్టిగా ఒకే పుండు పడుతుంది, గజ్జల్లో బిళ్లలు కడతాయి. లోపల గర్భాశయ ముఖద్వారం మీదైతే కంటికి కనిపించదు కూడా. మందు లేకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో అదే మానిపోతుంది. రోగం మాత్రం రక్తంలోనే ఉంటుంది. కొన్నాళ్లకు అరచేతుల్లో, అరికాళ్లలో దురద లేని మచ్చలు వస్తాయి, ఆ తర్వాత ఏళ్లకు గుండె, మెదడు దెబ్బతినొచ్చు. గర్భిణికైతే బిడ్డ కడుపులోనే పోవచ్చు. మొదట్లోనే పట్టుకుంటే 24 లక్షల యూనిట్ల బెంజథిన్ పెన్సిలిన్ ఒక్క ఇంజెక్షన్‌తో నయమయ్యే జబ్బు ఇది! భర్తకు కూడా పరీక్ష, మందు తప్పనిసరి, లేకపోతే మళ్లీ అంటుకుంటుంది.

హెర్పిస్‌కు ఎసైక్లోవిర్ మాత్రలు మొదటి మూడు రోజుల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. వైరస్ పూర్తిగా పోదు గానీ అదుపులో ఉంటుంది. కాన్పు దగ్గరపడ్డప్పుడు పొక్కులుంటే దాచకండి, బిడ్డకు ప్రాణాపాయం. పుండు ఉన్నన్నాళ్లు కలవకూడదు. కండోమ్ చాలావరకు కాపాడుతుంది, అది కప్పని చోట కాపాడలేదు. పుండు ఉంటే హెచ్‌ఐవీ సులువుగా అంటుకుంటుంది కాబట్టి ఆ పరీక్ష కూడా చేయించుకోవాలి. పెద్ద వయసులో దురదతో మానని పుండుంటే ముక్క తీసి పరీక్షించాలి, అది క్యాన్సర్ కావచ్చు.

ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది. పరీక్షలు, మందులు ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. ఎలా చెప్పాలో తెలియకపోతే "కింద పుండు పడింది, చూడండి" అనండి, చాలు.