బ్యానర్ దించాక ఏం చేస్తున్నారు?

లా కాలేజీ వాళ్లు ఊళ్లో న్యాయ అవగాహన సదస్సు పెడితే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఒక బ్యానర్, పెద్దలకు శాలువాలు, నాలుగు ప్రసంగాలు, గ్రూప్ ఫోటో. మర్నాడు ఆ ఫోటో పేపర్లో వస్తుంది. వేసేది మేమే కాబట్టి ఆ పాపంలో మాకూ వాటా ఉంది. పాసుపుస్తకం పట్టుకొని ‘మా సర్వే నంబరు 22ఎ నిషేధిత భూముల జాబితాలో ఎందుకు పెట్టినారు సార్’ అని అడగాలని చివరిదాకా నిలబడిన రైతుకు మాత్రం బస్సు టైమైందని చెప్పి వచ్చేస్తారు.

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలోనూ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ న్యాయశాస్త్ర విభాగాలున్నాయి. లా పీజీ చేసే పిల్లల కళ్లన్నీ లెక్చరర్ అర్హత పరీక్ష ‘నెట్’ మీద, జడ్జి పరీక్ష మీద. జూనియర్ సివిల్ జడ్జి కావాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాల్సిందేనని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పేదలకు ఉచిత న్యాయ సాయం అందించే లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో విద్యార్థిగా చేసిన పని ఆ మూడేళ్ల లెక్కలోకి రాదు. వకాల్తా వేసిన మొదటిరోజు చేతులు వణక్కుండా మాత్రం చూస్తుంది.

ఇక్కడ పనికి కొదవ లేదు. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కేసుల్లో పట్టుబడే కూలీల్లో చాలామంది తమిళనాడు వాళ్లు. కాగితాలు తెలుగులో ఉంటాయి, వాళ్లకొచ్చేది తమిళం. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు నుంచి వచ్చే మన విద్యార్థుల్లో ఎందరికో తమిళం ఇంటి భాషంత సులువు. గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే బాండు మీద విడుదల చేయాలని, సీఆర్పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ చెబుతోంది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు అది వర్తించదు. ఒకరి మీదే రెండు మూడు కేసులుంటే మళ్లీ చిక్కే. ఏ తేదీన అరెస్టయ్యారు, ఏ సెక్షన్లు, ఇంకెక్కడైనా కేసుందా అని అడిగి రాసుకునే మనిషి కావాలి. జైల్లో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టమే అంటోంది. ఆ వకీలు చేతికి సరైన వివరాలు అందించడం విద్యార్థులు చేయగల పని. వాదించడం వాళ్ల పని కాదు, ఆ గీత దాటకూడదు.

విద్యార్థులు వాదన సాధన చేసే నమూనా కోర్టులు, అంటే మూట్ కోర్టులూ జరగాలి. కానీ అక్కడంతా ఇంగ్లిషే. చిత్తూరు కోర్టులో పల్లెటూరి సాక్షిని క్రాస్ చేయాల్సింది తెలుగులో. ఏడాదికి ఒక్క మూట్ అయినా తెలుగులో పెడితే ఎవరికి ఎంత వచ్చో బయటపడుతుంది. విశాఖ, హైదరాబాద్ పోటీలకు వెళ్లేవాళ్ల రైలు చార్జీలు కాలేజీయే భరించాలి.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ జైలు అనుమతి ఇప్పించాలి, కాలేజీ ఒక రిజిస్టర్ పెట్టాలి, వారం వారం మారిపోని ఒక సీనియర్ వకీలు పక్కన కూర్చోవాలి. శనివారం మధ్యాహ్నం జైలుకెళ్లి ఖైదీల వివరాలు రాసుకున్న విద్యార్థికి హాజరు పట్టీలో ఆబ్సెంట్ వేయకూడదు.