మెస్ డబ్బు ముందు, మిగతా లెక్కలు తర్వాత

హైదరాబాద్ తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఈ దేశంలో మనిషి రోజుకు ఏం తినాలో, ఎంత తినాలో తేల్చి చెప్పేది అదే. 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం రెండు వేల కిలోక్యాలరీల ఆహారానికి రోజుకు 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పులు, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు, 35 గ్రాముల గింజలు, 27 గ్రాముల నూనె కావాలి. ఇంటర్ నుంచి పీజీ దాకా చదువుతూ సంక్షేమ హాస్టల్లో ఉండే విద్యార్థికి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే డైట్ చార్జీ నెలకు రూ.2,100. 2024 చివర్లో పెంచకముందు అది రూ.1,500. నలభై శాతం పెంపు చిన్నదేమీ కాదు, హర్షించాల్సిందే. అయినా రోజు లెక్కకు వస్తే చేతిలో ఉండేది రూ.70.

ఆ డెబ్బైతో ఆ పళ్లెం నిండుతుందా? బియ్యం పౌరసరఫరాల శాఖ నుంచి వస్తాయి కాబట్టి వాటిని పక్కన పెడదాం. కందిపప్పు కిలో రూ.120 అనుకుంటే 85 గ్రాములకు రూ.10. కూరగాయలు సగటున కిలో రూ.40 చొప్పున రూ.16. పాలు లీటరు రూ.60 చొప్పున రూ.18. పండ్లకు రూ.8, పల్లీలకు రూ.5, నూనెకు రూ.4. ఇక్కడికే రూ.61 అయింది. మిగిలిన తొమ్మిది రూపాయల్లో ఉప్పు, కారం, చింతపండు, ఉల్లిగడ్డ, టీ పొడి, చక్కెర, టిఫిన్‌కు రవ్వ, ఆపైన గ్యాస్ రావాలి. గుడ్డు, మాంసం ఊసే ఇంకా ఎత్తలేదు. పైగా హాస్టల్ వంటింటికి 19 కిలోల వాణిజ్య సిలిండరు కొనాల్సి వస్తే పన్ను భారమూ పడుతుంది. ఇంట్లో వాడే సిలిండరు మీద జీఎస్టీ 5 శాతమైతే దీని మీద 18 శాతం. వందల మంది పేద విద్యార్థులకు వండే పొయ్యికి, స్టార్ హోటల్ పొయ్యికి ఒకే పన్ను పడితే అందులో న్యాయమేమిటో కేంద్రం చెప్పాలి.

ఆ డెబ్బై కూడా వేళకు చేరదు. ఆకలి రోజుకు మూడుసార్లు వేస్తుంది. ఉపకార వేతనం ఎప్పుడో ఏడాదికి ఒకసారి పడుతుంది, అదీ పడితే. ఈ నడుమ నెలల భారాన్ని మెస్‌కు సరుకు పోసే కిరాణా వ్యాపారి కొంత, ఊళ్లో వడ్డీకి తెచ్చే తల్లిదండ్రులు కొంత, ఒక పూట మానేసి విద్యార్థి కొంత మోస్తున్నారు. తిండి ఖర్చును ఫీజు రీయింబర్స్‌మెంట్ ఫైలుకు కట్టేసినంత కాలం ఇది మారదు. మెస్ డబ్బును ఆ ఫైలు నుంచి విడదీసి, నెల మొదట్లోనే హాస్టల్ ఖాతాలో వేయాలి. మేం కోరేది ముఖ్యంగా ఇదే.

విశ్వవిద్యాలయ హాస్టళ్లలో మెస్ సాధారణంగా పంపకం పద్ధతిలో నడుస్తుంది. నెలలో అయిన ఖర్చంతా కూడి, తిన్నవాళ్ల మీద పంచి బిల్లు వేస్తారు. ప్రభుత్వం ఇచ్చే మెయింటెనెన్స్ డబ్బును, క్యాంపస్‌లో అందరూ ఎంటీఎఫ్ అని పిలిచేదాన్ని, ఆ బిల్లుకు జమ కట్టి తేడా విద్యార్థి దగ్గర వసూలు చేస్తారు. డబ్బు వేళకు వస్తే ఇది న్యాయమైన పద్ధతే. రాకపోతే మెస్ ఉద్దెర మీద బతకాలి. ఉద్దెరకు ఇచ్చే వ్యాపారి బేరమాడనివ్వడు, రకం ఎంచుకోనివ్వడు. మూడు నెలలు దాటితే పాత బాకీ సంగతి తేల్చాకే కొత్త సరుకు అంటాడు. అతన్ని తప్పుపట్టలేం, అతనూ బేగంబజారు టోకు వ్యాపారులకు డబ్బు కట్టాలి.

మొదట పలచబడేది సాంబారు. రెండు వందల మంది తినే మెస్‌లో రోజుకు ఎనిమిది కిలోల కందిపప్పు పోస్తే తలకు 40 గ్రాములు వస్తుంది, దాన్నుంచి ఒంటికి అందే మాంసకృత్తులు దాదాపు 9 గ్రాములు. పప్పు నాలుగు కిలోలకు దిగితే అవి నాలుగున్నర గ్రాములే. 65 కిలోల బరువున్న యువకుడికి రోజుకు కావాల్సింది 54 గ్రాములు. ఆ తర్వాత కూరలో బెండకాయ, బీన్స్ మాయమై సొరకాయ, దోసకాయ చేరతాయి. పెరుగు మజ్జిగవుతుంది. వారంలో గుడ్డు వేసే రోజులు తగ్గుతాయి. అన్నం మాత్రం తగ్గదు, బియ్యం బస్తాలకు కొదవ లేదు కదా. ఆ లోటును విద్యార్థులు ఇంకో గరిటెడు అన్నంతో, పచ్చడితో పూడ్చుకుంటారు. కడుపు నిండుతుంది గానీ ఒంటికి పట్టదు. మధ్యాహ్నం రెండు గంటల క్లాసులో తలలు వాలిపోతుంటే బద్ధకమనుకోవడం తేలిక. పొద్దున పళ్లెంలో ఏముందో అడిగితే అసలు కారణం తెలుస్తుంది.

రుచి, పస రెండూ పోయాక కాస్త చేయి ఆడేవాళ్లు మెస్ కార్డు రద్దు చేసుకుని బయట తింటారు. దాంతో ఉన్నవాళ్ల మీద బరువు పెరుగుతుంది. వంటవాళ్ల కూలి, గ్యాస్ వంటి స్థిర ఖర్చు నెలకు రూ.1.20 లక్షలు అనుకుందాం. రెండు వందల మంది ఉంటే తలకు రూ.600. యాభై మంది వెళ్లిపోతే అదే రూ.800. తిండి చెడింది, బిల్లు పెరిగింది. చివరిదాకా మెస్‌లో మిగిలేది మరో దారి లేని నిరుపేదలే, పెరిగిన బిల్లూ వాళ్ల నెత్తినే. ఏడాది చివర్లో ఆ బాకీ ‘నో డ్యూస్’ పత్రం దగ్గర అడ్డం నిలుస్తుంది. నో డ్యూస్ లేనిదే టీసీ లేదు, టీసీ లేనిదే తర్వాతి కోర్సు లేదు. సర్కారు కట్టాల్సిన బాకీకి విద్యార్థి సర్టిఫికెట్లు తాకట్టు పడుతున్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే ఉత్తర్వులిచ్చింది. అమలు సంగతి విద్యార్థులనే అడగాలి.

హాస్టల్ సీటు దొరకనివాళ్ల పరిస్థితి వేరు. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, అశోక్‌నగర్ ప్రైవేటు హాస్టళ్లలో డబ్బు ముందే కట్టాలి. అది కట్టలేనివాళ్లు నలుగురైదుగురు కలిసి గది తీసుకుని, రైస్ కుక్కర్లో అన్నం వండుకుని, కర్రీ పాయింట్‌లో ఒక కూర తెచ్చి పంచుకుంటారు. నెల చివరి వారంలో రెండు పూటలు ఒకటవుతాయి. పొద్దున టిఫిన్ మానేసి పదకొండింటికి అన్నం తిని, రాత్రి దాకా టీ, బిస్కట్లతో నెట్టుకొస్తారు. సాయంత్రం ఫుడ్ డెలివరీ, బైక్ టాక్సీ, పెళ్లిళ్ల సీజన్లో క్యాటరింగ్. క్యాటరింగ్‌కు పోతే ఆ రాత్రి కూలితో పాటు కడుపు నిండా భోజనం కూడా దొరుకుతుంది, అందుకే దానికి గిరాకీ. మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా రెండూ బంద్. అర్ధరాత్రి దాకా వడ్డించినవాడు పొద్దున మొదటి పీరియడ్‌కు రాలేడు. హాజరు 75 శాతం కన్నా తగ్గితే ఉపకార వేతనం ఆగుతుంది. ఉపకార వేతనం వేళకు రాక పనికి పోయినవాడు, పనికి పోయినందుకే దానికి దూరమవుతున్నాడు.

అమ్మాయిలకు రాత్రి పనుల దారి కూడా దాదాపు మూసుకుపోయినట్టే. వాళ్లు ఖర్చు తగ్గించుకునేది తిండిలోనే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మెస్‌లో ఆకుకూర, గుడ్డు, పల్లీపట్టీ తగ్గడం వీళ్ల విషయంలో నేరుగా రక్తం తగ్గడమే. కోఠి మహిళా విశ్వవిద్యాలయం మొదలు జిల్లాల్లోని మహిళా డిగ్రీ కళాశాలల దాకా ఆరు నెలలకోసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించడం ప్రభుత్వానికి పెద్ద పనేమీ కాదు.

డబ్బు ఎక్కడ ఆగుతోంది? ఉపకార వేతనాల పోర్టల్ ఈ-పాస్‌లో దరఖాస్తు, ఆదాయ, కుల ధ్రువీకరణలు, మీసేవలో వేలిముద్ర, కళాశాల ధ్రువీకరణ, జిల్లా సంక్షేమాధికారి మంజూరు, ట్రెజరీ బిల్లు, చివరికి ఆర్థిక శాఖ నిధుల విడుదల. ఇన్ని మెట్లలో ఏది తప్పినా విద్యార్థికి కనిపించేది ‘పెండింగ్’ అన్న ఒక్క మాటే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంతో ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ఎస్సీ విద్యార్థులకు 2021లో మారిన కేంద్ర పథకం ప్రకారం కేంద్ర వాటా 60 శాతం ఆధార్‌కు అనుసంధానమైన ఖాతాకు నేరుగా పోవాలి. ఆధార్‌కు చెల్లింపుల కోసం ముడిపడేది ఒకే ఖాతా, చివరగా ముడిపెట్టిందే చెల్లుతుంది. సిమ్ కొన్నప్పుడు తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతాకు డబ్బు పడిపోయి, ఆ సంగతి తెలియక కళాశాల చుట్టూ తిరిగేవాళ్లుంటారు. ఆధార్ వెబ్‌సైట్లో బ్యాంక్ సీడింగ్ వివరం చూస్తే రెండు నిమిషాల్లో తేలే విషయమిది. ప్రతి కళాశాలలో జూలై, ఆగస్టుల్లో ఒక గుమస్తాను ఈ పనికే కూర్చోబెడితే చాలా ఫైళ్లు ముందుకు కదులుతాయి.

చివరి మెట్టుకు మాత్రం విద్యార్థి, గుమస్తా ఎవరూ ఏమీ చేయలేరు. ట్రెజరీలో టోకెన్ పడ్డ బిల్లు నిధులు లేక నెలల తరబడి నిద్రపోతుంది. రీయింబర్స్‌మెంట్ బకాయిలు వేల కోట్లకు చేరి, 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలు తరగతులే బంద్ పెట్టాయి. ఆ గొడవలో ఫీజుల మాటే వినిపించింది, మెస్ మాట ఎవరూ ఎత్తలేదు. ఫీజు ఆలస్యమైతే కళాశాలకు నష్టం. మెస్ డబ్బు ఆలస్యమైతే విద్యార్థి పస్తు. రెండింటినీ ఒకే క్యూలో నిలబెట్టడమే తప్పు.

ఈ క్యూలో చోటు దొరకనివాళ్లు ఇంకొందరు. బీసీలకు ఆదాయ పరిమితి గ్రామాల్లో ఏడాదికి రూ.1.5 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు. నెలకు రూ.17 వేల జీతానికి సెక్యూరిటీ గార్డుగా పనిచేసే తండ్రి ఏడాది ఆదాయం రూ.2.04 లక్షలు. నాలుగు వేల తేడాకు ఆ ఇంటి బిడ్డకు మొత్తం సాయం పోతుంది. పరిశోధక విద్యార్థుల్లోనూ ఇదే వరస. నెట్ పరీక్షతో వచ్చే పరిశోధక ఫెలోషిప్ జేఆర్ఎఫ్ ఉన్నవారికి 2023 జనవరి నుంచి నెలకు రూ.37 వేలు. నెట్ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసేవారికి పదేళ్లకు పైగా అదే రూ.8 వేలు. జేఆర్ఎఫ్‌కు కూడా విశ్వవిద్యాలయం ప్రతి నెలా పోర్టల్‌లో నిర్ధారించాలి. ఆ వారం సంబంధిత ఉద్యోగి సెలవులో ఉంటే ఆ నెల డబ్బు ఆగినట్టే.

మెస్ డబ్బును విడదీయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. డైట్, మెయింటెనెన్స్ మొత్తాలకు విడిగా నిధులు కేటాయించి, జీతాలతో పాటే ప్రతి నెలా విడుదల చేస్తే సరి. అది గాడిన పడేదాకా ప్రతి హాస్టల్‌కు రెండు నెలల ఖర్చుకు సరిపడా తిరుగు నిధి ఇవ్వాలి. రెండు వందల మంది ఉన్న హాస్టల్‌కు అది రూ.8.4 లక్షలు. ఒకసారి ఇస్తే బకాయి వచ్చినప్పుడల్లా తిరిగి నిండుతుంది. నగదు చేతిలో ఉన్న మెస్ కమిటీ హోల్‌సేల్‌లో ధర అడిగి, రకం చూసి కొంటుంది. నెలాఖరున పద్దు నోటీసు బోర్డు మీద పెట్టడం, సరుకు దిగేటప్పుడు ఇద్దరు విద్యార్థులు తూకం చూసి సంతకం చేయడం తప్పనిసరి చేయాలి. లేకపోతే నిధి ఎటు పోయిందో తెలియదు. సర్కారు బాకీ ఉన్నంత మేరకు విద్యార్థిని నో డ్యూస్ అడగరాదని విశ్వవిద్యాలయాలు ఈ విద్యా సంవత్సరమే సర్క్యులర్ ఇవ్వవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు.

హాస్టల్ లేనివాళ్ల కోసం నగరంలో ఉన్న ఏర్పాటునే క్యాంపస్‌లోకి తేవాలి. 2014లో మొదలైన రూ.5 భోజనం ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్ల పేరుతో నడుస్తోంది, 2025లో టిఫిన్ కూడా చేర్చారు. ఆసుపత్రుల దగ్గర, కూలీల అడ్డాల దగ్గర ఆ వరుసల్లో పుస్తకాల సంచులతో నిలబడ్డ విద్యార్థులు కనిపిస్తూనే ఉన్నారు. టిఫిన్‌కు అయ్యే రూ.19లో రూ.14 కార్పొరేషన్ భరిస్తోంది. వెయ్యి మందికి నెలలో 25 రోజులు పెట్టినా ఆ భారం రూ.3.5 లక్షలే. ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల పరిసరాల్లో, నిజాం, సిటీ కళాశాలల్లో, కూకట్‌పల్లి జేఎన్‌టీయూలో ఒక్కో కౌంటర్ పెట్టవచ్చు. ఆదాయ పత్రం అడగకూడదు, ఫొటోలు తీయకూడదు. అందరికీ ఒకే ధర, ఒకే వరుస ఉండాలి. పేదలకు ప్రత్యేక కూపన్ అంటే సగం మంది సిగ్గుపడి ఆకలితోనే వెనుదిరుగుతారు. పొరుగున ఆంధ్రప్రదేశ్ 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టింది. ఇక్కడ సర్కారీ బడిలో పదో తరగతి దాకా వడ్డించిన చేయి ఇన్నాళ్లూ పదహారో ఏట ఆగిపోతూ వచ్చింది.

వేసవి సంగతి ఒకటి మిగిలింది. ఏటా మే నెలలో సెలవుల పేరుతో మెస్‌లు మూసేస్తారు. బ్యాక్‌లాగ్ పరీక్షలు, పోటీ పరీక్షలు, ల్యాబ్ పనులు ఉన్నవాళ్లకు ఊరికి పోయే వీలుండదు. నీళ్ల కొరత, మరమ్మతులు నిజమైన ఇబ్బందులే, కానీ అన్ని మెస్‌లూ ఒకేసారి మూయాల్సిన పని లేదు. అబ్బాయిలకు ఒకటి, అమ్మాయిలకు ఒకటి తెరిచి, మిగతా హాస్టళ్లవాళ్లను వాటికి సర్దుబాటు చేయవచ్చు. ఏప్రిల్ మొదటి వారంలోనే ఉండేవాళ్ల పేర్లు రాయించుకుంటే ఎందరు వంటవాళ్లు, ఎన్ని సిలిండర్లు, ఎన్ని ట్యాంకర్ల నీళ్లు కావాలో చీఫ్ వార్డెన్ కార్యాలయానికి ముందే లెక్క తేలుతుంది.