మనది కాని క్లబ్బు మన ఊళ్లో ఎన్నాళ్లుంటుంది?

హైదరాబాద్ ఎఫ్‌సీ 2025 అక్టోబర్‌లో మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. మూడున్నరేళ్ల ముందు దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచిన జట్టు ఊరొదిలి పోతుంటే నగరం పెద్దగా కదిలింది లేదు. అది చూసి చాలామంది ఒకటే మాట తేల్చేశారు. "హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ ఎవరు చూస్తారండీ, ఇది క్రికెట్ ఊరు."

ఈ మాటను నేను ఒప్పుకోను. క్లబ్బు పోయిన రెండు నెలలకే, డిసెంబర్ 13న మెస్సీ వస్తే జనం టికెట్లు కొనుక్కుని మరీ ఉప్పల్ స్టేడియానికి వెళ్లారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వయంగా జెర్సీ వేసుకుని మైదానంలోకి దిగి బంతి తన్నారు. ఫుట్‌బాల్ పట్టని ఊళ్లో ఇలా జరగదు. ఇక్కడి నుంచి వెళ్లిపోయింది ఫుట్‌బాల్ కాదు, ఈ ఊరికి ఏనాడూ చెందని ఒక కంపెనీ. ఆ తేడా ఇప్పుడైనా గుర్తించకపోతే రేపు మరో క్లబ్బు వస్తుంది, నాలుగేళ్లు ఆడుతుంది, అదీ ఇలాగే పోతుంది.

అసలు అది మన దగ్గరికి ఎలా వచ్చిందో చూడండి. 2014లో పెట్టిన ఎఫ్‌సీ పుణె సిటీ డబ్బు చిక్కుల్లో పడి 2019లో మూతపడింది. లీగ్‌లో ఖాళీ అయిన ఆ చోటు తీసుకుని హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కి మకాం మార్చి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఆరేళ్లు తిరిగేసరికి ఢిల్లీకి మళ్లీ క్లబ్బు వచ్చింది. ఈసారి పోగొట్టుకున్నది మనం. పుణె వాళ్ల నష్టం మనకు లాభమైంది, మన నష్టం ఢిల్లీకి లాభమైంది, ఢిల్లీ వాళ్ల పాత నష్టం భువనేశ్వర్‌కి లాభమైంది. ఈ నాలుగు నగరాల్లో ఏ ఒక్కచోటా అభిమానిని పిలిచి, "మీ జట్టును తీసుకెళ్తున్నాం, మీరేమంటారు?" అని అడిగే బాధ్యత ఎవరికీ లేదు. లీగ్ నిబంధనల్లో యజమానికి చోటుంది, స్పాన్సర్‌కి చోటుంది, టీవీ హక్కులకు చోటుంది. ఊరికి లేదు.

ఇక కప్పు గెలిచిన రాత్రి సంగతి. 2022 మార్చి 20, గోవాలోని ఫటోర్డా స్టేడియం. కోవిడ్ వల్ల రెండు సీజన్లు పూర్తిగా గోవాలోనే, చాలావరకు ఖాళీ స్టాండ్ల మధ్యే నడిచాయి. ఫైనల్‌కి మాత్రం ప్రేక్షకులను రానిచ్చారు. ఎదుటి జట్టు కేరళ బ్లాస్టర్స్. కేరళ నుంచి అభిమానులు పోటెత్తడంతో స్టాండ్లన్నీ పసుపు రంగుతో నిండిపోయాయి. హైదరాబాద్ జెర్సీ కూడా పసుపే. లీగ్ పట్టికలో మనవాళ్లు పైన ఉన్నారు కాబట్టి ఆ రంగు మనకే దక్కింది. కేరళ ఆటగాళ్లు నలుపు, నీలం చారల జెర్సీలో ఆడారు. టీవీలో చూసేవారికి స్టేడియమంతా హైదరాబాద్ అభిమానులే అనిపించేది. కానీ ఆ గొంతులు మనవి కావు.

68వ నిమిషంలో రాహుల్ కేపీ కేరళకు గోల్ కొట్టాడు. ఇక అయిపోయిందనుకుంటున్న వేళ, 88వ నిమిషంలో, సబ్‌స్టిట్యూట్‌గా దిగిన సాహిల్ తావోరా పెనాల్టీ బాక్స్ బయటి నుంచి బంతి నేల తాకకముందే తన్ని (వాలీ) స్కోరు సమం చేశాడు. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు పెనాల్టీలు ఆపాడు. 3–1తో కప్పు మనదైంది. ఆ సీజన్‌లో బార్తలోమ్యూ ఒగ్బెచె కొట్టిన 18 గోల్స్, కోచ్ మనోలో మార్కెజ్ కుర్రాళ్ల మీద పెట్టుకున్న నమ్మకం, అన్నీ కలిసి ఫలించిన రాత్రి అది. ఆ ఆట గొప్పదనాన్ని నేను ఇసుమంతైనా తగ్గించను. కానీ ఒక్క విషయం గమనించండి. మనల్ని గెలిపించిన తావోరా, కట్టిమని ఇద్దరూ గోవా వాళ్లే. తుది పదకొండు మందిలో హైదరాబాద్ వాడు ఒక్కడూ లేడు. ఆట జరిగింది గోవాలో, చూసింది కేరళ జనం. ఆ జట్టులో హైదరాబాద్‌ది ఏముందంటే పేరొక్కటే. ఆ పేరు మార్చడానికి ఎంత సేపు పడుతుంది?

ఆ తర్వాత జట్టు హైదరాబాద్‌లోని గచ్చిబౌలి స్టేడియానికి తిరిగొచ్చింది. 2022–23లో లీగ్ పట్టికలో రెండో స్థానం, సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో షూటౌట్‌లో ఓటమి. డెక్కన్ లెజియన్ పేరుతో అభిమానులు ఒక బృందంగా ఏర్పడి డప్పులు, జెండాలతో స్టాండ్‌లో గొంతెత్తడం కనిపించింది. ఒక క్లబ్బు ఊళ్లో వేళ్లూనడానికి కావలసిన మొదటి మనుషులు వాళ్లే. అప్పుడే జీతాల గొడవ మొదలైంది. ఆటగాళ్లకు బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం, విదేశీ ఆటగాళ్ల నిష్క్రమణ, ఇలా ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి. 2023–24లో 22 మ్యాచ్‌ల్లో ఒక్కటంటే ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచింది. 2024లో చేతులు మారింది, మరుసటి ఏడాది ఊరు మారింది. ఇంత జరుగుతున్నా ఆ అభిమానులకు లెక్కల పుస్తకం చూసే హక్కు గానీ, సమావేశంలో కూర్చునే హక్కు గానీ, వద్దని ఓటేసే హక్కు గానీ లేవు.

హైదరాబాద్‌కు ఇది మొదటిసారి కూడా కాదు. ఫుట్‌బాల్‌లో ఈ ఊరి అసలు వైభవం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుది. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ పట్టుకొచ్చిన జట్టది. స్వాతంత్ర్యం వచ్చాక తొలిసారి 1950లో జరిగిన డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను ఓడించింది కూడా వీళ్లే. వెనకున్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదివి బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు. అందరికీ రహీం సాబ్.

ఆయన శిక్షణ గురించి తెలిసినకొద్దీ ఆశ్చర్యమేస్తుంది. వాటం లేని కాలితోనే బంతి తన్నాలనే నియమంతో టోర్నమెంట్లు పెట్టేవారు. కుడికాలి వాటం ఉన్నవాడు మ్యాచ్ అంతా ఎడమకాలితోనే ఆడాలి. డ్రిబ్లింగ్ చేయకూడదు, పాసులతోనే ఆడాలనే షరతుతో మరో పోటీ. డబ్బు లేదు, విదేశీ కోచ్ లేడు, వీడియో విశ్లేషణ అసలే లేదు. ఒక బడిపంతులు తన బుర్రతో ఒక నగరపు ఆటనే మార్చేశాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో ఎనిమిది మంది హైదరాబాద్ వాళ్లే. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిందీ ఆయన జట్టే. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన పోయారు.

తర్వాత ఏమైంది? సిటీ పోలీస్ జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్ జట్టుగా మారి మెల్లగా వార్తల్లోంచి తప్పుకుంది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1957లోనే కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కి ఆడాడు. ఆ తర్వాత నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్, అందరిదీ అదే దారి. పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో 1977లో మోహన్ బగాన్ 2–2తో డ్రా చేసుకుంటే, అందులో ఒక గోల్ మన హబీబ్‌దే. దీన్ని డబ్బు కోసం పోవడమని కొట్టిపారేయడం తేలిక. నేను చూసే కారణం వేరు. పోలీస్ జట్టు ఒక ప్రభుత్వ శాఖది. ఉద్యోగమిచ్చి ఆడించింది, అది గొప్ప మేలే. కానీ ఆ శాఖకు ఆట మీద ఆసక్తి తగ్గితే గట్టిగా నిలదీసే సభ్యులు ఆ జట్టుకు లేరు. కలకత్తాలో అలా కాదు. 1889లో పుట్టిన మోహన్ బగాన్, 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ సభ్యుల సంఘాలు. చందా కట్టి, కార్డు పెట్టుకుని, ఎన్నికల్లో ఓటేసే జనం వాటి వెనక తరాలుగా ఉన్నారు.

ఆ బలం ఎంతటిదో మొన్నమొన్ననే చూశాం. 2020లో మోహన్ బగాన్ ఫుట్‌బాల్ విభాగంలో 80 శాతం వాటా ఒక పెద్ద వ్యాపార సంస్థ తీసుకుని, తమ పాత ఫ్రాంచైజీ పేరు ముందు చేర్చి ఏటీకే మోహన్ బగాన్ అన్నారు. అభిమానులు ఊరుకోలేదు. నిరసనలు చేశారు, బ్యానర్లు కట్టారు, ఏటీకే తీసేయండని ఏళ్ల తరబడి పట్టుబట్టారు. 2023 మార్చిలో జట్టు ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన రాత్రే యజమాని ఆ మూడక్షరాలు తొలగిస్తున్నామని ప్రకటించాల్సి వచ్చింది. వాటా 80 శాతం ఉన్నా ఒక ఊరి జనం ముందు తగ్గక తప్పలేదు. అదే యజమాని ఆ క్లబ్బును వేరే నగరానికి తీసుకెళ్తానని కలలోనైనా అనగలడా? మన దగ్గర మాత్రం క్లబ్బు క్లబ్బే వెళ్లిపోయింది.

దీనికి ఎదుటి వాదన నాకు తెలియనిది కాదు. కోట్లు పోసినవాడు నష్టాలు భరిస్తూ ఎంతకాలం కూర్చుంటాడు, గచ్చిబౌలిలో సగం కుర్చీలు కూడా నిండకపోతే ఏం చేస్తాడు, జీతాలకు ఓట్లు పనికొస్తాయా అంటారు. నష్టాలు నిజం. దేశంలో దాదాపు ప్రతి ఫుట్‌బాల్ క్లబ్బు నష్టాల్లోనే ఉంది. కానీ జర్మనీలో సభ్యుల చేతిలో సగానికి పైగా ఓటు హక్కు ఉండాలనే నియమం పెట్టుకున్న క్లబ్బులకు పెట్టుబడులు రాకుండా పోలేదు, స్టేడియాలు ఖాళీగానూ లేవు. పైగా ఖాళీ కుర్చీలను సాకుగా చూపేవారు ఒకటి మరిచిపోతున్నారు. జట్టు పుంజుకుని కప్పు గెలిచిన రెండేళ్లూ ఊళ్లోనే లేదు. ఊరికి తిరిగొచ్చిన ఏడాదికే కూలిపోవడం మొదలైంది. గెలిచే జట్టుకు జనం అలవాటు పడడానికి దొరికింది ఒక్క సీజన్.

వింబుల్డన్ కథ ఇక్కడ చెప్పక తప్పదు. లండన్‌లోని ఆ క్లబ్బును మిల్టన్ కీన్స్ అనే కొత్త పట్టణానికి తరలించడానికి 2002లో అనుమతి వచ్చింది. అభిమానులు ఏడుస్తూ కూర్చోలేదు. కొద్ది వారాల్లోనే వింబుల్డన్ కామన్ అనే బహిరంగ మైదానంలో ఎవరైనా రావచ్చని ట్రయల్స్ పెట్టి, రెండు వందలకు పైగా వచ్చిన కుర్రాళ్లలోంచి జట్టును ఏరుకుని, తమ సొంత క్లబ్బు ఏఎఫ్‌సీ వింబుల్డన్ మొదలుపెట్టారు. తొమ్మిదో అంచె లీగ్ నుంచి ఎక్కుతూ 2011లో ఇంగ్లండ్ వృత్తి జట్లు ఆడే ఫుట్‌బాల్ లీగ్‌కి చేరారు. 2020లో తమ పాత పేట ప్లౌ లేన్‌లో కొత్త స్టేడియంలోకి తిరిగొచ్చారు. క్లబ్బు ఇప్పటికీ అభిమానుల ట్రస్టుదే.

ఇదంతా జరగడానికి ముందు వాళ్లకు ఒకటి ఉంది. ట్రయల్స్ పెట్టుకోవడానికి అందరిదీ అయిన ఒక మైదానం. నా అసలు బాధ ఇక్కడే. ఇవాళ హైదరాబాద్‌లో రెండు వందల మంది కుర్రాళ్లు ఎవరినీ అడగకుండా, ఎవరికీ డబ్బు కట్టకుండా వెళ్లి ఆడుకునే చోటు ఎక్కడుంది? బలరామ్ తరాన్ని కన్నది కంటోన్మెంట్ గ్రౌండ్లు, బడి మైదానాలు. ఫతే మైదాన్ లాల్ బహదూర్ స్టేడియం అయింది, గేటు పడింది. అపార్ట్‌మెంట్‌లో నాలుగు అంతస్తులు అద్దెకు తీసుకుని కార్పొరేట్ కాలేజీ నడిపితే అనుమతులొస్తాయి. వేలమంది పిల్లలకు అడుగు మైదానం లేకపోయినా అడిగేవాడు లేడు. ఆడాలనిపించిన కుర్రాళ్లు తలా ఇంత వేసుకుని, యాప్‌లో బుక్ చేసి, రాత్రి పదింటికి వలలు కట్టిన టర్ఫ్‌లో గంటసేపు ఆడి వస్తున్నారు. గంట అవగానే తర్వాతి బ్యాచ్ గేటు దగ్గర నిలబడి ఉంటుంది. డబ్బుల్లేని పిల్లాడికి ఆ గంట కూడా లేదు. చెరువులు పోయాయని గోల చేస్తున్నాం, మంచిదే. ఆట స్థలాలు పోయాయని అదే గొంతుతో ఎందుకు అడగం? క్లబ్బు పోవడం, మైదానం పోవడం నా దృష్టిలో ఒకే జబ్బు. ఊరంతటిదీ అయిన దాన్ని ఒకరి సొత్తుగా రాసిచ్చి, వాళ్లు తీసుకెళ్లాక ఆశ్చర్యపోతున్నాం.

నగరంలో ఇంకా శ్రీనిధి డెక్కన్ ఉంది. 2022–23, 2023–24 రెండు సీజన్లలోనూ ఐఎస్‌ఎల్ కింది అంచె అయిన ఐ-లీగ్‌లో రెండో స్థానం సాధించిన జట్టు. దానికి లీగ్‌లో ప్రవేశం దొరికింది మాత్రం విశాఖపట్నం పేరు మీద. అంటే మనం ఇష్టపడాల్సిన ఈ రెండో క్లబ్బు కూడా ఒక తెలుగు నగరం పేరు వదిలి మరో తెలుగు నగరానికి వచ్చిందే. వైజాగ్‌లో ఫుట్‌బాల్ ప్రేమించే కుర్రాడికి దీని గురించి ఎవరేం చెప్పారు?

గచ్చిబౌలి స్టేడియం ప్రజల డబ్బుతో కట్టింది. 2024లో భారత జట్టు సిరియాతో, మలేసియాతో అక్కడే ఆడింది. అప్పుడు కోచ్‌గా బెంచ్ మీద ఉన్నది హైదరాబాద్‌కు కప్పు తెచ్చిన మనోలోయే. రేపు ఐఎస్‌ఎల్‌లోకి హైదరాబాద్ పేరుతో ఇంకెవరైనా వస్తే, ప్రభుత్వం ఆ స్టేడియం అద్దె ఒప్పందంలోనే మూడు షరతులు రాయించాలి. చందా కట్టిన సభ్యులు ఓటేసి ఒప్పుకోనిదే క్లబ్బు పేరు, రంగు, ఊరు మారకూడదు. డైరెక్టర్ల బోర్డులో సభ్యులు ఎన్నుకున్నవారికి చోటుండాలి. అమ్ముగూడ, బార్కాస్ లాంటి చోట్ల క్లబ్బు సొంత ఖర్చుతో పిల్లలకు ఉచితంగా మైదానాలు నడపాలి. వీటికి ఒప్పుకోని పెట్టుబడిదారుడికి గచ్చిబౌలి తాళాలు ఇవ్వొద్దు.