మళ్లీ మళ్లీ అవే నీళ్లు ఎందుకు కొలవాలంట!

ఇప్పుడే మీటింగ్ నుంచి బయటికొచ్చాను. ఒళ్లు మండిపోతోంది. మా సరస్సు నీటి నమూనాల ప్రాజెక్టు పొడిగించమని అడిగితే, నిధులిచ్చే ప్యానెల్‌లో ఒకాయన ఫైలు సగం కూడా తిప్పకుండానే తేల్చేశాడు: "ఏటా అవే నీళ్లు, అవే కొలతలు. ఇందులో కొత్తదనం ఏముంది?"

కొత్తదనమా? సముద్రంలో మైక్రోప్లాస్టిక్స్ (చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు) మీద 2004లో వచ్చిన పేరున్న పేపర్ దేని మీద నిలబడింది? 1931 నుంచి మామూలు సరకు ఓడల వెనక ఒక పరికరం కట్టి లాగుతున్నారు. అందులోని పట్టుగుడ్డ మీద ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలియాడే చిన్న చిన్న జీవులు, చిక్కుతుంది. ఆ గుడ్డల్ని జాగ్రత్తగా దాచారు. దాచినవాళ్లు వెతికింది ప్లాంక్టన్‌నే, ప్లాస్టిక్‌ని కాదు. అయినా 1960ల నుంచి ప్లాస్టిక్ ఎలా పెరిగిందో వాటిలోనే దొరికింది. అప్పుడే ఎవరైనా "కొత్తదనం లేదు" అని ఆపేసి ఉంటే, 1960ల నాటి సముద్రపు నీళ్లు ఇవాళ ఎన్ని కోట్లు పోసినా వస్తాయా?

సముద్రపు పీహెచ్ (నీళ్లలో ఆమ్లం పాళ్లు చెప్పే కొలత) సంగతీ అంతే. అది ఋతువుల్ని బట్టి పైకీ కిందికీ ఊగుతుంది. రెండు మూడేళ్లు కొలిస్తే ఆ ఊగిసలాటే కనిపిస్తుంది. 1988 నుంచి హవాయి దగ్గర ఒకే చోటికి దాదాపు నెలనెలా వెళ్లి కొలిచారు కాబట్టే నీళ్లు ఆమ్లం వైపు జరుగుతున్నాయని స్పష్టంగా తేలింది. మూడేళ్ల ప్రాజెక్టులు మాత్రమే ఇచ్చేవాళ్లకి ఇది ఎప్పుడు అర్థమవుతుంది?

కెనడాలో ఒక సరస్సు మధ్య తెర కట్టి, రెండు వైపులా కార్బన్, నైట్రోజన్ వేసి, ఫాస్ఫరస్ మాత్రం ఒక్క వైపే కలిపారు. ఆ సగమే పచ్చటి నాచుతో నిండిపోయింది. అంటే అసలు దోషి ఫాస్ఫరసేనని తేలింది. అంత గొప్ప పని జరిగిన పరిశోధన కేంద్రానికి కూడా 2012లో ప్రభుత్వం నిధులు ఆపేస్తామంది! శాస్త్రవేత్తలూ జనమూ గొడవ చేశాక గానీ అది బతకలేదు.

కొత్త మెషీన్ కొంటామంటే మాత్రం డబ్బులు వస్తాయి. దాన్ని క్యాలిబ్రేట్ చేసే, అంటే కొలతలు సరిగ్గా చూపేలా సరిచేసే మనిషికి జీతం ఇవ్వమంటే పద్దు లేదంటారు.

నిజానికి నా కోపం ఇవాళ్టిది కాదు. చలిలో, వానలో పడవెక్కి సీసాలు నింపేది, తేదీ, లోతు, ఉష్ణోగ్రత తప్పు లేకుండా రాసేది మా ఫీల్డ్ అసిస్టెంట్ అన్న. ఆయన రాసిన పుస్తకాల్లోంచి అంకెలు తీసుకుని పేపర్ వేసుకున్న పెద్దమనిషి, కృతజ్ఞతల్లో కూడా ఆయన పేరు వేయలేదు. అప్పుడు నాకు నోరు రాలేదు. ఇప్పుడు రాస్తున్న పేపర్‌లో రచయితల జాబితాలో అన్న పేరు లేకపోతే నా పేరు కూడా తీసేయమని చెప్పేశాను.